కారు ఏసీ కంప్రెసర్ మనమే మార్చుకోవచ్చా?

సందేహం: టెక్సస్‌కి కొత్తగా వచ్చాం. పాత టయోటా కొన్నాం. ఏసీ వేడిగాలి కొడుతోంది. కంప్రెసర్ పోయింది, 1,200 డాలర్లవుతుందని గ్యారేజీలో చెప్పారు. అదే కంప్రెసర్ ఆన్‌లైన్‌లో 300కి దొరుకుతోంది. ఇంట్లో మార్చుకోగలమా?

జవాబు: మార్చుకోవచ్చు. విప్పి బిగించడం ఒక పూట పని. అయితే కొత్త కంప్రెసర్ పదేళ్లు నడుస్తుందా, పది వారాల్లో పోతుందా అన్నది బోల్టుల మీద కాదు, ఆయిల్ కొలత, లోపలి శుభ్రత, వ్యాక్యూమ్, గ్యాస్ తూకం మీద ఆధారపడి ఉంటుంది.

ముందు మీ కారుకు ఈ పని తగునో లేదో చూసుకోండి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఏసీ గ్యాస్ రకం ఆర్-134ఎ అని ఉంటే సరే. ఆర్-1234వైఎఫ్ అని ఉంటే, అంటే ఈమధ్య వచ్చిన కార్లయితే, గ్యారేజీకే ఇవ్వండి. ఆ గ్యాస్ ఖరీదెక్కువ, కొద్దిగా అంటుకునే గుణం ఉంది, సామానూ వేరు. ప్రియస్ లాంటి హైబ్రిడ్ల జోలికి అసలు వెళ్లొద్దు. వాటి కంప్రెసర్ బెల్టుతో కాకుండా 200 వోల్టులు దాటిన కరెంటుతో తిరుగుతుంది. అందులో మామూలు ఏసీల్లో వాడే ప్యాగ్ ఆయిల్ పడితే ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు కారు బాడీకి లీకవుతుంది.

మనవైపు ఏసీ చల్లబడకపోతే "గ్యాస్ పట్టించాలి" అనేస్తాం, పెట్రోలులా ఏటా అయిపోయే వస్తువన్నట్టు. ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోతున్నట్టే. బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు, దాంతో మంచి కంప్రెసర్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. కాబట్టి ముందు గేజ్ పెట్టి చూడండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే లో సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు), హై సైడ్ (ఎక్కువ ఒత్తిడి వైపు) రెండింటిలోనూ దాదాపు 104 పీఎస్ఐ చూపించాలి, 80 డిగ్రీలుంటే 86. బాగా తక్కువుంటే లీకు వెతకాలి. అలాగని ఈ అంకె సరిగ్గా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉందని అనుకోవద్దు. లోపల కొంచెం ద్రవం మిగిలి ఉన్నా ఇదే అంకె వస్తుంది.

హైవే మీద చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర వేడెక్కితే అనుమానించాల్సింది రేడియేటర్ దగ్గరి ఫ్యాన్‌ను. కాసేపు చల్లగా ఉండి ఇంజిన్ వేడెక్కాక కంప్రెసర్ ఆగిపోతుంటే దాని క్లచ్ (బెల్టు తిప్పే చక్రానికి కంప్రెసర్‌ను కలిపేది) ప్లేటు అరిగి సందు పెరిగి ఉండొచ్చు. ఆ సందు సుమారు 0.35 నుంచి 0.6 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ప్లేటు వెనక ఉన్న పల్చటి వాషర్ ఒకటి తీసేస్తే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా కుదురుకుంటుంది. క్లచ్ అసలే అంటుకోకపోతే ఫ్యూజు, రిలే చూసి, ఆ తర్వాత క్లచ్‌ను లాగి పట్టే కాయిల్ రెసిస్టెన్స్ కొలవండి. 3 నుంచి 5 ఓమ్‌ల దాకా ఉండాలి. చాలా కొత్త కార్లలో క్లచ్చే ఉండదు, అక్కడ క్లచ్ అంటుకునే "టిక్" శబ్దం కోసం చెవి పెట్టి లాభం లేదు. ఇక క్లచ్ పట్టుకుని తిరుగుతున్నా లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉండి, రెండు ముళ్లూ దగ్గరదగ్గరగా ఆగిపోతే కంప్రెసర్ పంపింగ్ పోయినట్టే.

చట్టం సంగతి. ఉన్న గ్యాస్‌ను గాల్లోకి వదలడం అమెరికాలో నేరం. పని మొదలుపెట్టేముందు దగ్గర్లోని గ్యారేజీలో మెషీన్‌తో గ్యాస్ తీయించుకోండి. సొంత కారు బాగుచేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. డబ్బు తీసుకుని ఇతరుల కారు ఏసీ ముట్టుకోవాలంటే మాత్రం సెక్షన్ 609 సర్టిఫికెట్ ఉండాలి. రెండు పౌండ్ల లోపు చిన్న డబ్బాలు, మూతి దానంతటదే మూసుకునే రకం, ఎవరికైనా అమ్ముతారు. ఇంకోటి, అపార్ట్‌మెంట్ లీజు కాగితం ఒకసారి తిరగేయండి. పార్కింగ్‌లో కారు రిపేరు కూడదని చాలావాటిలో రాసి ఉంటుంది.

గేజ్ సెట్, వ్యాక్యూమ్ పంపు కొనక్కర్లేదు. ఆటోజోన్, ఓరైలీ లాంటి దుకాణాల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగి ఇచ్చాక డబ్బు వాపసు. కంప్రెసర్‌తోపాటు కొనాల్సినవి: రిసీవర్ డ్రయర్ (తేమ పీల్చేది; చాలా కార్లలో ఇది ముందువైపు జాలీలా ఉండే కండెన్సర్ పక్క గొట్టంలో సంచిలా ఉంటుంది), ఓ-రింగులు (పైపు అతుకుల్లో పెట్టే రబ్బరు రింగులు), కంప్రెసర్ కంపెనీ చెప్పిన నంబరు ఆయిల్. డెన్సో కంపెనీ కంప్రెసర్లకు సాధారణంగా ఎన్‌డీ-8 లేదా ప్యాగ్ 46. ఆయిల్ చిన్న సీసాలోనే కొనండి. మూత తీసి ఉంచితే గాల్లో తేమ పీల్చేస్తుంది.

బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. బెల్టు ఎలా తిరుగుతుందో ఫొటో తీసుకుని దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ వదులు చేసి తప్పించండి. కింద నుంచి పని చేయాల్సి వస్తే జాక్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, జాక్ స్టాండ్లు పెట్టాల్సిందే. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. మిగిలిన గ్యాస్ చిమ్మితే మైనస్ 26 సెల్సియస్, చర్మం గడ్డకడుతుంది. రెండు పైపులు విప్పగానే వాటి మూతులు ప్లాస్టిక్‌తో కట్టేయండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, పైపు లోపల తెల్లగుడ్డ పెట్టి తుడిచి చూడండి. గుడ్డకు శుభ్రమైన ఆయిల్ అంటితే అదృష్టం. నల్లటి జిగురు, వెండి పొడి లాంటి లోహపు రజను అంటితే పాత కంప్రెసర్ లోపల అరిగి ముక్కలైందన్నమాట. ఆ రజను ముందుగా చేరేది కండెన్సర్‌లోకే. ఇప్పటి కండెన్సర్లలో దారులు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి, ఫ్లష్ చేసినా (ద్రావకంతో కడిగినా) పోదు. కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ను సన్నని రంధ్రంలోంచి వదిలి చల్లబరిచేది) కూడా మార్చాలి, పైపులు మాత్రం ఫ్లష్ చేయవచ్చు. 150 డాలర్లు మిగుల్చుకుందామని ఇక్కడ వెనకాడినవాళ్లే ఆగస్టులో మూడో కంప్రెసర్ వెతుక్కుంటారు.

ఆయిల్ లెక్క: పాత కంప్రెసర్‌లో ఉన్నది కొలిచే గ్లాసులోకి వంపండి, 60 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. కొత్తదాంట్లో మొత్తం సిస్టమ్‌కి సరిపడా 120 నింపి పంపి ఉండవచ్చు. దాన్నీ వంపేసి, అందులోంచి 60 తిరిగి పోయండి, మార్చిన డ్రయర్‌కి ఇంకో 15, కండెన్సర్ మార్చితే దానికి 30. లీకు వల్ల పాతది దాదాపు ఖాళీగా ఉంటే, లేదా అంతా ఫ్లష్ చేస్తే ఈ లెక్క చెల్లదు, మాన్యువల్‌లో చెప్పిన మొత్తం కొలతతో లెక్క మొదలుపెట్టాలి. ఆయిల్ తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. బిగించేముందు కంప్రెసర్ మొహం దగ్గర ప్లేటును చేత్తో 10, 15 సార్లు తిప్పండి. లోపల ఆయిల్ ఒకేచోట నిలిచి ఉంటే మొదటి స్టార్ట్‌లోనే వాల్వులు విరిగిపోవచ్చు.

కొత్త ఓ-రింగులకు ఆయిల్ రాసి పెట్టండి. చాలా టయోటాల్లో కంప్రెసర్ బోల్టులకు బిగింపు 25 న్యూటన్ మీటర్లు, పైపు బోల్టులకు 9.8 మాత్రమే. అల్యూమినియంలో మర కదా, బలం చూపిస్తే పోతుంది. డ్రయర్‌ను చివర్లో, సీలు విప్పిన వెంటనే పెట్టేయండి.

వ్యాక్యూమ్ పంపు కనీసం 45 నిమిషాలు నడపాలి. ఇది గాలి తీయడానికే కాదు, తేమను మామూలు వేడికే మరిగించి లాగేయడానికి కూడా. తేమ మిగిలితే గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి యాసిడ్ అవుతుంది. డాలస్‌లో గేజ్ ముల్లు 29 అంగుళాల (పాదరసం) వ్యాక్యూమ్ దగ్గర ఆగాలి. డెన్వర్‌లో ఉండేవారికి 24, 25 దాటదు, అది ఎత్తు వల్ల, పంపు తప్పు కాదు. వాల్వులు మూసి అరగంట వదిలేయండి. ముల్లు కదిలిందంటే లీకు ఉంది, గ్యాస్ డబ్బా ముట్టుకోవద్దు.

గ్యాస్‌ను గేజ్ చూసి కాదు, తూకం వేసి పట్టించాలి. స్టిక్కర్ మీద 530 గ్రాములుంటే, 12 ఔన్సుల డబ్బా ఒకటి పూర్తిగా అంటే 340, రెండో దాంట్లోంచి 190. వంటింటి డిజిటల్ కాటా చాలు. గొట్టం తగిలించి ఉండగా కాటా తప్పు చూపిస్తుంది, కాబట్టి డబ్బాను విప్పి తూచండి. గేజ్ సెట్ పసుపు గొట్టాన్ని పంపు నుంచి డబ్బాకు మార్చాక అందులో చేరిన గాలిని మానిఫోల్డ్ (గేజ్‌లు, వాల్వులు ఉండే దిమ్మ) దగ్గర ఒక్క క్షణం వదులు చేసి పంపేయాలి. మొదటి డబ్బా ఇంజిన్ ఆపి ఉండగానే వ్యాక్యూమ్ లాగినంత లాగుతుంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ మ్యాక్స్, ఫ్యాన్ ఫుల్, తలుపులు తెరిచి, డబ్బా నిలువుగా పట్టుకుని లో సైడ్ నుంచే ఎక్కించండి. ఇంజిన్ నడుస్తుండగా హై సైడ్ వాల్వ్ తెరిస్తే ఒత్తిడి వెనక్కి తన్ని డబ్బా చేతిలోనే పేలవచ్చు. చల్లబడిన డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పెట్టండి, వేడినీళ్లలో వద్దు.

"లీక్ సీలర్ కలిసిన గ్యాస్" అని రాసిన డబ్బాలు చవగ్గా కనిపిస్తాయి. ఆ జిగురు గ్యారేజీ మెషీన్లను పాడుచేస్తుంది, అది వాడిన కారును చాలామంది ముట్టుకోరు.

బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ ఉన్నప్పుడు లో సైడ్ 30 నుంచి 45, హై సైడ్ 200 నుంచి 250 పీఎస్ఐ మధ్య నిలిచి, మధ్య వెంట్ దగ్గర గాలి 40ల డిగ్రీల్లోకి దిగితే కారు తలుపులు మూయొచ్చు. పాత కంప్రెసర్‌ను పారేయొద్దు, కొన్నప్పుడు కోర్ ఛార్జ్ (పాత భాగం తిరిగి ఇస్తామని కట్టే డిపాజిట్) కట్టి ఉంటే దుకాణానికి ఇచ్చి ఆ డబ్బు తెచ్చుకోండి. కాలిఫోర్నియాలో అయితే గ్యాస్ డబ్బా మీద కూడా 10 డాలర్ల డిపాజిట్ ఉంటుంది, రసీదు దాచుకోండి.