పుట్టగొడుగులు పెంచిన గది: అడ్వాన్స్ వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. పిల్లల చదువు కోసం హనుమకొండలో నాలుగేళ్లు కిరాయికి ఉన్నాం. మా ఆయన దుబాయిలో పని పోయి తిరిగొచ్చారు. ఇల్లు గడవక వెనక గదిలో పాల పుట్టగొడుగులు పెంచి హోటళ్లకు అమ్మాను. ఓనరమ్మను సొంత అక్కలా చూసుకున్నా. వాళ్లమ్మాయి పెళ్లికి వారం రోజులు వంటలన్నీ నేనే చూశా. మేం నీళ్లు ఎక్కువ వాడుతున్నామని అంటే 9 వేల కిరాయిని 10 వేలు చేసి ఇచ్చాం. ఖాళీ చేసి రెండేళ్ల నాలుగు నెలలైంది. 30 వేల అడ్వాన్స్ అడిగితే, గోడలు పాడు చేశారు, ఇల్లంతా రంగులకే 42 వేలైంది, మీరే ఇంకా ఇవ్వాలి అంటున్నారు. నాలుగేళ్లు కాపురమున్న ఇల్లు ఆ మాత్రం పాతబడదా? పాత తేదీతో బాండు పేపరు దొరుకుతుందని, పెంపకానికి ఓనరమ్మ ఒప్పుకున్నట్టు రాసుకుందామని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: పెళ్లి వంటల గురించి మీరు రెండు పేజీలు రాశారు, ఇక్కడ కుదించాం. కోర్టుకు అవి అక్కర్లేదు. మీకు పనికొచ్చేది వెయ్యి రూపాయలు పెంచిన సంగతి ఒక్కటే. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం, ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు మాత్రం మినహాయింపు ఉంది. రంగు వెలవడం, స్విచ్ బోర్డు చుట్టూ మరకలు, వంటింటి గోడకు జిడ్డు, తలుపు కింద చెక్క అరగడం, ఇవన్నీ ఆ మినహాయింపులోకి వస్తాయి. అయితే ఏ పనికి ఇచ్చారో ఆ పనికే ఇల్లు వాడాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. మీ కిరాయినామాలో ‘నివాసానికి మాత్రమే’ అని ఉంది. పాల పుట్టగొడుగులకు గదిలో తేమ 80 శాతానికి తగ్గకూడదు. తడి వరిగడ్డి సంచులు, రోజూ నీళ్లు చల్లడం. ఆ చెమ్మకు గోడ ఉబ్బి పెచ్చులూడితే, కాపురం వల్ల పాతబడిందంటే ఏ జడ్జీ నమ్మరు. కాబట్టి ‘ఆ మాత్రం పాతబడదా’ అన్న మీ వాదన వెనక గది దగ్గర నిలవదు, ఓనరమ్మకు తెలిసే ఆ పని జరిగిందని మీరు రుజువు చేస్తే తప్ప.

ఆ రుజువే ఈ వెయ్యి. నీళ్ల కోసమే పెంచామని ఆమె అంటారు. అననివ్వండి. మనుషులు పెరగకుండా నీళ్లెందుకు పెరిగాయని అడిగితే పెంపకం సంగతి చెప్పక తప్పదు. తెలిసి, అభ్యంతరం చెప్పకుండా ఎక్కువ కిరాయి తీసుకున్నారంటే ఆ వాడకానికి ఒప్పుకున్నట్టేనని వాదించవచ్చు. మీది రిజిస్టరు చేయని 11 నెలల కిరాయినామా. అందులోని షరతు తర్వాత నోటిమాటగా మారిందని రుజువు చేసుకునే వీలు చట్టంలో ఉంది.

అంతమాత్రాన సంబరపడకండి. పెంపకానికి ఒప్పుకున్నవాళ్లు గోడకు మేకులు దిగ్గొట్టి ర్యాకులు బిగించడానికి, గడ్డి చెత్తతో మోరీ పూడిపోవడానికి కూడా ఒప్పుకున్నట్టు కాదు. ఆ ఖర్చు మీదే. ఇల్లంతటి రంగులు మాత్రం మీ నెత్తిన వేయలేరు. అడ్వాన్స్ తిరిగి ఇవ్వబోమని కాగితంలో రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద న్యాయమైన పరిహారానికి మించి రాదు. గదుల వారీగా బిల్లులు చూపమనండి.

ఇల్లు తీసుకున్న రోజు ఫొటో లేదు. వదిలిన రోజూ లేదు. తాళాలిచ్చినట్టు ఒక చీటీ అయినా రాయించుకోలేదు. 30 వేలు పెట్టి ఫ్రిజ్ కొంటే వారంటీ కార్డు దాచుకుంటారు కదా! పైగా రెండేళ్లుగా ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. ఈ డబ్బుకు దావా గడువు మూడేళ్లు. ఖాళీ చేసిన రోజు నుంచే లెక్క వేసుకోండి, అదే క్షేమం. అంటే మిగిలింది ఎనిమిది నెలలు. ‘ఇస్తాంలే’ అన్న నోటిమాటతో గడువు పెరగదు. లాయరు నోటీసు పంపినా ఆగదు. బాకీ ఉన్నామని గడువులోపు సంతకం చేసి రాసిస్తేనే మళ్లీ మూడేళ్లు వస్తాయి. వాట్సాప్ మెసేజ్ సంతకంతో సమానమా అన్న వాదన మీద ఆధారపడొద్దు.

ఇక మీ తమ్ముడి సలహా. ఆ బాండు పేపరు జోలికి పోవద్దు. పేపరు మీద నంబరు ఉంటుంది, అమ్మినవాడి రిజిస్టరులో ఎవరు ఎప్పుడు కొన్నారో ఉంటుంది. ఒక్క సంతకంతో ఓనరమ్మ మీద మీ సివిల్ దావా పోయి, మీ ఇద్దరి మీద ఫోర్జరీ కేసు వస్తుంది. 30 వేల కోసం జైలు దారి పట్టకండి. పోలీసు స్టేషన్‌కూ వెళ్లొద్దు, ఇది సివిల్ తగాదా అని వెనక్కి పంపుతారు.

ముందు బ్యాంకుకు వెళ్లి ఆ నాలుగేళ్ల స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోండి. కిరాయి 9 వేల నుంచి 10 వేలైన నెల, మీరు మొదటిసారి పుట్టగొడుగు విత్తనం కొన్న నెల దగ్గర దగ్గరగా ఉండాలి. విత్తనం బిల్లు, హోటళ్ల చెల్లింపులు వెతకండి. పాత ఫోన్ పిల్లలకిచ్చారని రాశారు. ఈ రోజే తీసి పక్కన పెట్టండి. అందులోని మెసేజ్‌లు, ఫొటోలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఒరిజినల్ చెరిపేస్తే అది కష్టం.

తర్వాత హనుమకొండ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, దావాకు ముందే లోక్ అదాలత్‌లో రాజీకి అర్జీ పెట్టండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అక్కడ కుదిరిన రాజీని రాసే తీర్పునే అవార్డు అంటారు. దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. మూడు నెలల్లో తేలకపోతే ఇంకా ఎదురుచూడకుండా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేయండి. వెనక గది మరమ్మతుకు ఎనిమిది వేలో పది వేలో వదులుకోవడానికి సిద్ధపడే రాజీకి వెళ్లండి. మిగతా సొమ్ము ఏ తేదీకి ఇస్తారో అవార్డులో రాయించి, ఆ రోజే కాపీకి అడగండి.