వైన్ ద్రాక్ష: చివరికి కలిపేదే అయితే వేరువేరుగా కోయమనడం ఎందుకు?

ప్రశ్న: మాది చిక్కబళ్లాపురం దగ్గర పల్లె. రెండెకరాల్లో షిరాజ్, ఎకరంలో కాబెర్నే సావినాన్ వేసి ఒక వైనరీకి ఒప్పందం మీద ఇస్తున్నాను. ఇంకో ఎకరంలో పాత బెంగళూరు బ్లూ తోట ఉంది. పోయిన కోతకు కూలీలు దొరక్క షిరాజ్, కాబెర్నే ఒకే రోజు కోయించి, కొన్ని క్రేట్లలో కలిపి పంపాను. బండి వెనక్కి తిప్పేశారు. తర్వాత వాళ్ల సీసా ఒకటి చూస్తే లేబుల్ మీద షిరాజ్, కాబెర్నే అని రెండు పేర్లూ ఉన్నాయి. చివరికి వాళ్లు కలిపేదే అయితే నేను ముందే కలిపితే తప్పేంటి? రంగు కోసం బెంగళూరు బ్లూ కొద్దిగా కలపొచ్చా? ఖాళీగా ఉన్న అరెకరంలో ఏ రకం నాటమంటారు?
– ఒక రైతు, చిక్కబళ్లాపురం జిల్లా, కర్ణాటక

ఉద్యాన శాస్త్రవేత్త సమాధానం:

బండి వెనక్కి వస్తే ఎంత నష్టమో, ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. మీ ప్రశ్న న్యాయమైనదే. చాలామంది రైతులకు ఈ విషయం ఎవరూ విడమరిచి చెప్పరు. వైనరీ వాళ్లు కలిపేది పండును కాదు, తయారైన వైన్‌ను. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. అది అర్థమైతే వచ్చే కోతలో ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ముందు తోటలో ఏం జరిగిందో చూద్దాం. షిరాజ్ ముందు పండుతుంది, కాబెర్నే సావినాన్ ఆలస్యంగా పండుతుంది. రెండింటినీ ఒకే రోజు కోశారంటే ఒకటి ముదిరిపోయి ఉండాలి, లేదా ఇంకొకటి పచ్చిగా ఉండాలి. ఉదాహరణకు ఆ రోజు షిరాజ్ 25 బ్రిక్స్ (రసంలోని తీపి కొలత), కాబెర్నే 21 బ్రిక్స్ ఉన్నాయనుకోండి. సగం సగం కలిపితే తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 23 చూపిస్తుంది. మీటరు చూసిన మీకు పంట సరిగ్గా పండినట్టే కనిపిస్తుంది. కానీ ఆ క్రేటులో 23 దగ్గర పండిన కాయ ఒక్కటీ లేదు. ముదిరిన షిరాజ్‌లో పులుపు పడిపోయి, పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే అంకె) పెరిగి, కాయ వడలడం మొదలై, రసానికి ఎండుద్రాక్ష రుచి వస్తుంది. పచ్చి కాబెర్నేలో క్యాప్సికమ్ కోసినప్పుడు వచ్చే పచ్చివాసన ఉంటుంది, గింజల వగరు నాలుకను పట్టేస్తుంది. కందిపప్పు, పెసరపప్పు ఒకే గిన్నెలో వేసి ఉడికిస్తే ఒకటి ఉడికేసరికి ఇంకొకటి ముద్దవుతుంది కదా, ఇదీ అంతే. బ్రిక్స్‌కు సగటు తీయవచ్చు, పక్వానికి తీయలేం.

మీరే ఒకసారి పరీక్షించండి. కోతకు ముందు ఒక కాబెర్నే కాయ తీసుకుని వేళ్లతో నొక్కండి. గింజలు పచ్చగా ఉండి గుజ్జును వదలకపోతే ఇంకా ఆగాలి. గింజ గోధుమరంగుకు తిరిగి, గుజ్జు నుంచి సులువుగా ఊడి, పంటి కింద కరకరమంటూ వేయించిన పప్పులా ఉంటే కోతకు వచ్చినట్టు. తొక్కను విడిగా నమలండి. వైన్‌లో రంగు, వగరు చాలావరకు ఆ తొక్కలోంచే వస్తాయి. రెండు రకాలనూ ఇలా చూస్తే ఒకే రోజు రెండూ సిద్ధంగా లేవని మీ నోటికే తెలిసిపోతుంది.

ఇక వైనరీలో పని. పండు దిగాక షిరాజ్‌ను ఎన్ని రోజులు తొక్కతో పులియబెట్టాలి, ఎంత వేడిలో ఉంచాలి, ఎప్పుడు పిండాలి అన్నది ఒక లెక్క. కాబెర్నేకు లెక్క వేరు. పులుపు తగ్గిన ట్యాంకుకు టార్టారిక్ ఆమ్లం కలపాలి, సరిపడా పులుపున్న దానికి అక్కర్లేదు. పండు కలిసిపోయి వస్తే ఈ నిర్ణయాలేవీ విడిగా తీసుకోలేరు. అందుకే మంచి వైనరీలో రకాన్ని బట్టే కాదు, మడిని బట్టి కూడా ట్యాంకులు వేరు చేస్తారు. మీ రెండెకరాల షిరాజ్‌లో రాతినేల వైపు సాళ్లు, నల్లమట్టి వైపు సాళ్లు వేరుగా కోయమంటే చాదస్తమనుకోకండి. ఆ రెండు వైన్‌లూ నిజంగానే వేరుగా ఉంటాయి.

అంత కష్టపడి వేరు చేసి, చివరికి ఎందుకు కలుపుతారు? ఒక్కో రకానికి ఒక్కో బలం, ఒక్కో లోటు ఉంటాయి కాబట్టి. కాబెర్నేకు వగరు, పట్టు, ఎక్కువ కాలం నిలిచే శక్తి ఉంటాయి. కానీ తాగేటప్పుడు మొదట్లో, చివర్లో రుచి గట్టిగా తెలిసి మధ్యలో బోలుగా అనిపించవచ్చు. ఆ మధ్యభాగాన్ని షిరాజ్ నింపుతుంది. రంగు, మిరియాల ఘాటు, నిండుదనం అందిస్తుంది. ఆస్ట్రేలియాలో ఈ జోడీ చాలా ఏళ్లుగా ఉంది. అంతకంటే ముందే, 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని బోర్డో వ్యాపారులు తమ వైన్ పల్చగా వచ్చిన ఏడు రోన్ లోయలోని ఎర్మిటాజ్ నుంచి సిరా వైన్ తెప్పించి కలిపేవారు. ఆ సిరాయే మీ తోటలోని షిరాజ్.

కలపడం వెనక రైతుకు బాగా అర్థమయ్యే ఇంకో కారణం ఉంది. అది పంట భద్రత. బోర్డోలో మెర్లో ముందు చిగురించి, ముందు పూసి, ముందు పండుతుంది. కాబెర్నే సావినాన్ అన్నింటికీ వెనకే. చిగుళ్ల వేళ మంచు కురిసినా, పూత వేళ చలివాన పడినా మెర్లో దెబ్బతింటుంది. కోతకాలం చివర్లో వాన పట్టుకుంటే కాబెర్నే నష్టపోతుంది. రెండూ వేసుకున్న రైతుకు ఏదో ఒకటి చేతికొస్తుంది. నేల కూడా అలాగే పంచుకున్నారు. వేడిని పట్టి ఉంచే గులకరాళ్ల నేలలో కాబెర్నే, చల్లటి బంకమట్టిలో మెర్లో. అందుకే అక్కడ గారోన్ నది, జిరోండ్ వైపు ఎడమ గట్టున కాబెర్నే ముందుంటే, డోర్డోన్ వైపు కుడి గట్టున మెర్లో ముందుంటుంది. వీటికి కాబెర్నే ఫ్రాన్, పెటి వెర్డో వంటివి కొద్దిగా తోడవుతాయి. ఏ రకం ఎంత అన్నది ఏటేటా మారుతుంది. సరిపోని మడుల వైన్ పారబోయరు, అదే తోట రెండో శ్రేణి సీసాలోకి వెళుతుంది.

ఫ్రాన్స్‌లోనే ఉన్న షాంపేన్ ప్రాంతంలో ఈ పద్ధతి ఇంకా ముందుకెళ్లింది. అది చలి ప్రాంతం, అన్ని ఏళ్లూ పంట ఒకేలా పండదు. అందుకని షార్దొనే, పినో న్వార్, మెన్యే రకాలను కలపడంతో ఆగకుండా, మంచి ఏళ్ల వైన్‌ను దాచిపెట్టి తర్వాతి ఏళ్ల వైన్‌లో కలుపుతారు. కొనేవాడికి ప్రతి ఏడూ ఒకే రుచి అందాలన్నది వాళ్ల లక్ష్యం. ఎన్నో పల్లెల నుంచి వచ్చిన వైన్‌లను పక్కపక్కన పెట్టి రుచి చూసి నిర్ణయిస్తారు. ఇందులో కూడా ఏ ఊరిది ఆ ఊరిదిగా విడిగా ఉంచితేనే పని జరుగుతుంది.

కలిపే పని ఎలా సాగుతుందో కూడా చెబుతాను. ముందు ట్యాంకుల్లోంచి చిన్న నమూనాలు తీస్తారు. 100 మిల్లీలీటర్ల కొలగొట్టంలో 80 షిరాజ్, 20 కాబెర్నే. పక్కన ఇంకో గ్లాసులో 75–25, తర్వాత 70–30. ఇలా ఐదేసి పాళ్లు మార్చుకుంటూ పోతారు. గ్లాసుల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. రుచి చూసేవాళ్లకు ఏది ఏదో తెలియకూడదు. ఒక్కోసారి రెండు పాళ్లు తేడాతోనే వగరు కుదురుకుంటుంది, వాసన విప్పుకుంటుంది. నచ్చిన పాళ్లను సీసాలో పోసి కొన్ని రోజులు పక్కన పెట్టి మళ్లీ రుచి చూస్తారు. కలిపిన రోజు రుచి, సర్దుకున్న తర్వాత రుచి ఒకటి కావు.

లెక్క కూడా ఉంటుంది. 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్, 12.5 శాతం ఉన్న వైన్ కలిపి 13 శాతానికి తేవాలంటే మొదటిది ఒక పాలు, రెండోది మూడు పాళ్లు. ఆల్కహాల్, మొత్తం పులుపు ఇలా లెక్కకు దొరుకుతాయి. పీహెచ్ మాత్రం అంత సులువుగా సగటుకు లొంగదు, కలిపి కొలిచి చూడాల్సిందే. కలిపాక వైన్ మళ్లీ మారుతుంది. విడిగా ఉన్నప్పుడు తేటగా ఉన్న రెండు వైన్‌లు కలిశాక అడుగున టార్టరేట్ స్ఫటికాలు (టార్టారిక్ ఆమ్లపు లవణం పలుకులు) దిగవచ్చు. ఒకదాంట్లో కొద్దిగా చక్కెర మిగిలి ఉంటే సీసాలో మళ్లీ పులియడం మొదలవ్వచ్చు. అందుకే ముందు కలిపి, తర్వాత స్థిరపరచి, వడకట్టి, సీసాలకు ఎక్కిస్తారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. చెడిపోయిన వైన్‌ను మంచి వైన్‌తో కలిపితే బాగుపడుతుందని కొందరు అనుకుంటారు. అలా జరగదు. వెనిగర్ వాసన పట్టినది, బూడిద తెగులు గుత్తులతో చేసినది ఎంత మంచి వైన్‌లో కలిపినా, ఆ మంచిది కూడా పోతుంది. లోటును పూడ్చడానికి కలపాలి. తప్పును దాచడానికి కలిపితే నష్టం రెట్టింపవుతుంది.

మీ బెంగళూరు బ్లూ విషయం కూడా ఇందుకే చెప్పాల్సి వస్తోంది. ఆ రకం మీ ప్రాంతానికి గర్వకారణం, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తట్టుకునే గుణం ఎక్కువ, ఏడాదికి రెండు కోతలు ఇస్తుంది. కానీ దానిలో అమెరికా జాతి ద్రాక్ష లక్షణాలున్నాయి. నలిపితే గుప్పుమనే ఆ ప్రత్యేకమైన వాసన జ్యూస్‌కు, జెల్లీకి, గోవా వైపు చేసే తీపి పోర్ట్ వైన్‌లకు బాగుంటుంది. షిరాజ్–కాబెర్నేలో కొద్దిగా కలిసినా అదే పైకి తేలుతుంది. పైగా రంగు కోసం దాని అవసరమే లేదు, సరిగ్గా పండిన షిరాజ్‌కు కావలసినంత రంగు ఉంటుంది. మీ షిరాజ్‌లో రంగు తక్కువైతే దిగుబడి ఎక్కువ పెట్టారేమో, గుత్తులకు వెలుతురు అందడం లేదేమో చూడండి. బెంగళూరు బ్లూ ఆ తోటలోనే ఉండనివ్వండి, దాని మార్కెట్ దానికి ఉంది. రెండు తోటల క్రేట్లు మాత్రం ఒకే బండిలో ఎక్కించకండి.

రకాలన్నీ తోటలోనే కలిపి పెంచి, కలిపి కోసి, కలిపి పులియబెట్టే పద్ధతి ప్రపంచంలో లేదా అంటే, ఉంది. పోర్చుగల్ డూరో లోయలోని పాత తోటల్లో ఎన్నో రకాలు ఒకే మడిలో ఉంటాయి. వియన్నాలో గెమిష్టర్ సాట్జ్ పేరుతో కనీసం మూడు తెల్ల రకాలు కలిసిన తోట నుంచి వైన్ చేస్తారు. ఏ ఒక్కటీ సగానికి మించకూడదని నియమం. ఫ్రాన్స్‌లో కోట్ రోటీ ప్రాంతంలో సిరాతో పాటు కొద్దిగా వియోనియే తెల్ల ద్రాక్షను ఒకే ట్యాంకులో పులియబెడతారు, దానివల్ల వాసన, రంగు నిలకడ మెరుగుపడతాయి. అయితే వీటన్నింటిలోనూ ఆ కలయికను వైన్ చేసేవాడే ముందుగా ఎంచుకున్నాడు. కూలీలు దొరక్క క్రేటులో కలిసిపోయిన పండుతో దాన్ని పోల్చలేం.

లేబుల్ సంగతి కూడా ఉంది. యూరప్‌లో ఒకే రకం పేరు వేయాలంటే సీసాలో కనీసం 85 శాతం ఆ రకమే ఉండాలి. అమెరికాలో మామూలుగా 75 శాతం. ఎగుమతి చేసే వైనరీ తన సీసాలో ఏది ఎంత ఉందో కాగితాల మీద చూపగలగాలి. కలిసిన క్రేటుకు ఏ రకమని రాస్తారు?

ఇక మీరు చేయాల్సింది. కోతకు ముందే ప్రతి సాలు మొదట్లో రకం పేరు రాసిన ట్యాగ్ కట్టండి. చనిపోయిన మొక్కల స్థానంలో వేరే రకం నాటి ఉంటే ఆ తీగలకు రంగు రిబ్బన్ కట్టి, అవి కోయవద్దని కూలీలకు చెప్పండి. బ్రిక్స్ చూసేటప్పుడు ఒక్క గుత్తి నుంచి కాకుండా, మడి అంతా తిరిగి, ఎండ వైపు, నీడ వైపు, గుత్తి పైన, కింద నుంచి వంద కాయలు తీసి పిండి చూడండి. కూలీల కొరత నిజమే. అందుకే రెండు రకాల కోత మధ్య వచ్చే విరామాన్ని వైనరీతో ముందే మాట్లాడుకోండి. కొన్నిచోట్ల వాళ్లే ముఠాను పంపుతారు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయండి. గుత్తులు నలగకుండా చిన్న క్రేట్లు వాడండి, అదే రోజు చేరేలా చూడండి. గంధకం మందు కోతకు చాలా వారాల ముందే ఆపాలి. పండు మీద అది మిగిలితే పులిసేటప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది.

తినే ద్రాక్ష సాగు అలవాటున్న రైతులు కాయ లావు కావాలని జిబ్బరెల్లిక్ ఆమ్లం కొడతారు. వైన్ ద్రాక్షకు అది వద్దే వద్దు. కాయ చిన్నదిగా ఉంటేనే రసానికి తగ్గట్టు తొక్క ఎక్కువ, అంటే రంగూ రుచీ ఎక్కువ. కోతకు ముందు నీరు ఎక్కువ పెట్టి తూకం పెంచుకోవాలని కూడా చూడకండి.

మీకో హక్కు ఉంది, దాన్ని అడిగి తీసుకోండి. మీ మడి వైన్‌ను ట్యాంకులో ఉండగా, కలపకముందే మీకు చూపించమని అడగండి. మీరు తాగే అలవాటు లేకపోయినా వాసన చూసి, పక్క రైతు మడి వైన్‌తో పోల్చి, వాళ్ల వైన్ మేకర్ చెప్పేది రాసుకోండి. పచ్చివాసన ఉందన్నారా, వచ్చే ఏడు కాబెర్నేలో గుత్తుల దగ్గర ఆకులు తీసి వెలుతురు తగలనివ్వండి. పులుపు తక్కువన్నారా, షిరాజ్ కొన్ని రోజులు ముందు కోయండి.

అరెకరం విషయంలో నా సలహా ఒక్కటే. ఇప్పుడే మొక్కలు తెచ్చుకోకండి. మీ పండుతో చేసే బ్లెండ్‌లో ఏది తక్కువవుతోందో ముందు వైన్ మేకర్‌ను అడగండి. పట్టు తక్కువంటే కాబెర్నేనే పెంచవచ్చు. వాళ్లు వేరే రకం, ఉదాహరణకు టెంప్రానిల్లో అనే ద్రాక్ష కావాలంటే ఎన్నేళ్లు కొంటారో, ఏ బ్రిక్స్‌కు ఏ ధరో, తిరస్కరించే షరతులేమిటో కాగితం మీద రాయించుకోండి. ఆ లోగా మట్టి, బోరు నీరు పరీక్ష చేయించండి. నీటిలో ఉప్పదనం ఉంటే డాగ్‌రిడ్జ్ వేరుమూలమా (అంటు కట్టడానికి కింద వాడే మొక్క), 110ఆర్ వేరుమూలమా అన్నది ఆ రిపోర్టు చూశాకే తేల్చాలి. రిపోర్టులు వచ్చాక పంపండి, దాన్ని బట్టి నాటే దూరం, వేరుమూలం రాసి పంపుతాను.