డెబియన్‌లో ఒక ప్యాకేజీ చూసుకోవాలని ఉంది, కానీ డెవలపర్ల వాదనలు చూస్తే భయమేస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. కాకతీయ యూనివర్సిటీలో ఎంసీఏ చదువుకుంటూ, వాలంటీర్లు కలిసి నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో ఒక ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన సాఫ్ట్‌వేర్) బాధ్యత తీసుకోవచ్చా అన్నది మొదటిది. పది వరుసల ప్యాచ్ (కోడ్‌లో చేసే మార్పు) మీద డెవలపర్లు వారాల తరబడి వాదించుకుంటుంటే, కొత్తవాళ్ళను అక్కడ అసలు నిలబడనిస్తారా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: తప్పకుండా తీసుకోవచ్చు. రెండోదాని గురించే ఎక్కువ రాస్తాను. మంచి పనితనం ఉన్న పిల్లలు చాలామంది ఆ భయంతోనే వెనక్కి తగ్గడం నేను ఇక్కడే చూస్తున్నాను.

నేను హనుమకొండలో ఉంటాను. పగలంతా సర్వర్లు చూసుకునే ఉద్యోగం. సాయంత్రాలు డెబియన్‌లో కొన్ని చిన్న ప్యాకేజీలు చూసుకుంటాను, కొన్నేళ్ళుగా ఇదే అలవాటు. పేరున్న ప్యాకేజీలేమీ కావు. కానీ వాటి మీద ఆధారపడ్డవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారని బగ్ రిపోర్టులు వచ్చినప్పుడల్లా తెలుస్తుంటుంది.

ఆ వాదనల్లో మాటలు ఎటు తిరిగినా చివరికి అందరూ అడిగేది ఒక్కటే: ఈ మార్పును రేపటి నుంచి ఎవరు చూసుకుంటారు? డెబియన్‌లో సుమారు రెండేళ్ళకోసారి స్టేబుల్ విడుదల, అంటే అందరూ నమ్మి వాడుకునే స్థిరమైన వెర్షన్, వస్తుంది. 13వది, ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న వచ్చింది. దానికి మూడేళ్ళు మామూలు సపోర్టు, ఆ తర్వాత రెండేళ్ళు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్టు) కింద సెక్యూరిటీ అప్‌డేట్లు. అంటే ట్రిక్సీలోకి వెళ్ళిన ఒక ప్యాచ్ 2030 దాకా ఎవరో ఒకరి కంప్యూటర్‌లో నడుస్తూనే ఉంటుంది. దాన్ని పంపినవాళ్ళు అప్పటికి ఏ ఉద్యోగంలో ఉంటారో, ఈ పని మీద మనసుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే అన్ని ప్రశ్నలు. ఆ ప్రశ్నలు మనిషి మీద అనుమానంతో వేసేవి కావు. ఈ సంగతి అర్థమయ్యాక ఆ చర్చలు చదవడం నాకు చాలా తేలికైంది.

మన ఊళ్ళల్లో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. పైనుంచి ఎంత నీరు వస్తుందో ఆయన చేతిలో లేదు, కింద ఎవరి పొలం ఎండినా అడిగేది మాత్రం ఆయననే. ప్యాకేజీ మెయింటైనర్ స్థానం కూడా అదే. సాఫ్ట్‌వేర్ రాసే అప్‌స్ట్రీమ్ వాళ్ళు వేరు, వాడేవాళ్ళు వేరు. మధ్యలో ఉండి ఏది ఎప్పుడు వదలాలో, ఏది ఆపాలో చూసుకోవడం మన పని.

ప్యాచ్ పెట్టగానే 'అప్‌స్ట్రీమ్‌కు పంపారా?' అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఈ ప్రశ్నకు పెద్ద కారణం ఉంది. 2006లో, ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెబియన్ ప్యాకేజీలో, వాల్‌గ్రైండ్ అనే టూల్ హెచ్చరికలు ఇస్తోందని కోడ్‌లోని ఒక చిన్న భాగం తీసేశారు. దాంతో ర్యాండమ్ నంబర్లు పుట్టించడానికి ప్రాసెస్ ఐడీ (నడిచే ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) తప్ప దాదాపు ఇంకేమీ మిగల్లేదు. ఆ నంబర్లతో తయారయ్యే రహస్య కీలలో ఒక్కో రకానికి సాధ్యమయ్యేవి ముప్పై రెండు వేల పైచిలుకు మాత్రమే. ఎవరైనా అన్నీ ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. ఈ సంగతి 2008 మే నెలలో బయటపడింది. డెబియన్, ఉబుంటు వాడేవాళ్ళు ఆ లోపమున్న ప్యాకేజీతో అప్పటిదాకా తయారైన ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వర్లలోకి లాగినయ్యే పద్ధతి) కీలన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ మార్పు గురించి మెయింటైనర్ ముందే అడిగారు కూడా. కానీ ఆ అడగడం, జవాబు రావడం పైపైన జరిగిపోయాయి. ఇవాళ డెబియన్ ప్యాచ్‌ల పైన 'ఫార్వర్డెడ్' అని ఒక వరుస రాస్తాం. అప్‌స్ట్రీమ్‌కు పంపామా, పంపితే ఆ లింకు ఏది, పంపకపోతే ఎందుకు అన్నది అందులో ఉండాలి. ఆ వరుస ఖాళీగా వదిలేస్తే చర్చ అక్కడే మొదలవుతుంది. అలా మొదలవడమే మంచిదని నా అభిప్రాయం.

నాకు ఎదురైంది ఒకటి చెప్తాను. నేను చూసే ఒక ప్యాకేజీ కొత్త వెర్షన్ అన్‌స్టేబుల్‌లోకి, అంటే కొత్త మార్పులు ముందుగా చేరే చోటికి, ఎక్కించాను. నా ల్యాప్‌టాప్ మీద అన్నీ బాగానే నడిచాయి. కానీ డెబియన్ బిల్డ్ మెషీన్లలో ఎస్390ఎక్స్ మీద మాత్రం టెస్టులు ఫెయిలయ్యాయి. అది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల ఆర్కిటెక్చర్. మనం రోజూ వాడే ప్రాసెసర్లు నంబరులోని చిన్న బైట్‌ను ముందు పెడితే, అది పెద్ద బైట్‌ను ముందు పెడుతుంది. ట్రిక్సీలో అధికారికంగా ఉన్న ఆర్కిటెక్చర్లలో ఆ పద్ధతి దానిదొక్కదానిదే. ఆ టెస్టులు దాటితే తప్ప ప్యాకేజీ టెస్టింగ్‌లోకి, అంటే తర్వాతి స్టేబుల్ తయారయ్యే చోటికి, కదలదు. అప్‌స్ట్రీమ్ రచయితకు చెబితే, తన దగ్గర అలాంటి మెషీన్ లేదని, ఆ ఆర్కిటెక్చర్ వదిలేయమని మర్యాదగానే రాశారు. ఆయన బాధ ఆయనది. ఉచితంగా, ఖాళీ సమయంలో చేసే పని అది.

క్యూఎమ్‌యూ అనే ఎమ్యులేటర్‌తో ఆ ఆర్కిటెక్చర్‌ను ఇంట్లోనే నడిపించవచ్చు. నెమ్మదిగా నడుస్తుంది, అయినా పని అవుతుంది. ఫైలు హెడర్‌లోని ఒక సంఖ్యను బైట్ల వరుస మార్చకుండా నేరుగా చదువుతున్న చోటు అలాగే దొరికింది. దాన్ని సరిచేసి, రెండు రకాల మెషీన్ల మీదా టెస్టు లాగ్‌లు జతపరిచి పంపాను. ఆయన ఇంకో ప్రశ్న వేశారు: పాత వెర్షన్‌తో రాసిన ఫైళ్ళు దీనితో తెరుచుకుంటాయా? చాలా సరైన ప్రశ్న. అది కూడా చూసి జవాబిచ్చాక ప్యాచ్ తీసుకున్నారు. తర్వాతి వెర్షన్‌కు డెబియన్‌లో నేను విడిగా ప్యాచ్ మోసే అవసరమే లేకపోయింది. బయటివాళ్ళకు అది సాగదీసిన వాదనలా కనిపించి ఉండొచ్చు. మా ఇద్దరికీ మాత్రం అందులో ఒక్క మెయిల్ కూడా వృథా కాదు.

ఎక్స్‌జెడ్ సంగతి మీరు వినే ఉంటారు. ఫైళ్ళను కుదించే ఆ చిన్న టూల్‌ను ఏళ్ళ తరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకున్నారు. ఆయన అలసిపోయి ఉన్న సమయంలో, 'అప్‌డేట్లు ఎందుకు రావట్లేదు, ఇంకొకరికి అప్పగించండి' అని ఎవరో తెలియని పేర్లతో ఒత్తిడి తెచ్చారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ అన్‌స్టేబుల్ మీద పనిచేస్తూ, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి తవ్వారు. 2024 మార్చి 29న విషయం లోకానికి చెప్పారు. డెబియన్‌లో అది అప్పటికే అన్‌స్టేబుల్, టెస్టింగ్‌లలోకి వెళ్ళిపోయింది. స్టేబుల్‌లోకి మాత్రం చేరలేదు.

ఈ ఉదంతం చెప్పి 'కొత్తవాళ్ళను నమ్మకూడదు' అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒక్క మనిషి మీద అంత భారం పడేదాకా చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీలాంటి వాళ్ళు నలుగురు ఆ లాగ్‌లు చదివి, టెస్టులు నడిపి, జవాబులు రాస్తుంటే అలాంటి ఒత్తిడికి చోటు తక్కువ. అందుకే మెయింటైనర్‌తో ఎప్పుడూ 'ఎందుకు చేయలేదు' అని మొదలుపెట్టకండి. 'ఇది నేను ప్రయత్నించి చూశాను, ఇక్కడ ఆగింది' అని మొదలుపెట్టండి. నాకు అలా వచ్చే మెయిల్ ఒక్కటి చాలు, ఆ సాయంత్రం పని ముందుకు కదులుతుంది.

ఇక మొదటి అడుగు. కొత్త ప్యాకేజీ తయారుచేయాలని చూడకండి. అందరికీ అదే ముందు తోస్తుంది. కానీ కొత్త ప్యాకేజీ 'న్యూ' క్యూలో ఆగుతుంది, లైసెన్సులూ కాపీరైట్ ఫైలూ చూసేవాళ్ళు కొద్దిమందే. పైగా దాని జీవితమంతా మీదే బాధ్యత. దానికి బదులు మీ మెషీన్‌లో 'హౌ-కెన్-ఐ-హెల్ప్' అనే ప్యాకేజీ పెట్టుకోండి. మీరు ఇప్పటికే వాడుతున్నవాటిలో మెయింటైనర్ లేనివి ఏవో, సాయం అడుగుతున్నవి ఏవో అదే చూపిస్తుంది. రోజూ వాడేది ఒకటి ఎంచుకుని పాత బగ్‌లు చదవండి. చాలా బగ్‌లు కొత్త వెర్షన్‌లో ఇంకా ఉన్నాయో లేదో ఎవరూ చూసి ఉండరు. అది చూసి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను తీసుకున్న మొదటి అనాథ ప్యాకేజీలో అప్‌లోడ్ కంటే ముందు చేసింది ఈ పనే. రిపోర్ట్ చేసినవాళ్ళలో కొందరు ఏళ్ళ తర్వాత కూడా జవాబిచ్చారు. ఆ సంతోషం ఎలాంటిదో మీకూ తెలుస్తుంది.

తెలుగువాళ్ళం మాత్రమే చేయగల పని ఇంకొకటి ఉంది. డెబియన్‌లో 'ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా' అనే ప్యాకేజీలో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. పోతన సొంతూరు బమ్మెర మనకు దగ్గర్లోనే, పాలకుర్తి పక్కన. ఇలాంటి ఫాంట్లలో గానీ, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీలో గానీ ఏదైనా మారితే 'స్త్రీ', 'లక్ష్మి', 'రాష్ట్రం' సరిగ్గా కూర్చున్నాయా లేదా అన్నది తెలుగు చదవగలిగిన కన్నే చెప్పాలి. ఆటోమేటిక్ టెస్టులకు ఇది చాలాసార్లు అందదు. ఒత్తు పక్కకు జరిగితే స్క్రీన్‌షాట్, వెర్షన్ నంబరు, సరిగ్గా ఎలా ఉండాలో చూపే బొమ్మ పెట్టి రిపోర్ట్ చేయండి. ఇది చిన్న పని అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు, కానీ తెలుగు మీడియం నుంచి వచ్చామంటూ చాలామంది ఇక్కడే పరేషాన్ అవుతారు. అక్కడ రాసేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదు. ఏ వెర్షన్, ఏం చేశారు, ఏం వచ్చింది, ఏం రావాలి: నాలుగు చిన్న వాక్యాలు, ఒక లాగ్ చాలు.

ప్యాకేజీ సిద్ధమయ్యాక ఎస్‌బిల్డ్ అనే టూల్‌తో శుభ్రమైన వాతావరణంలో కట్టి, లింటియన్ అనే తనిఖీ టూల్ చెప్పే లోపాలు సరిచేసి, డెబియన్ మెంటార్స్ సైట్‌లో పెట్టి స్పాన్సర్‌ను అడగాలి. అప్‌లోడ్ హక్కు మీకు లేనంతకాలం ఒక డెబియన్ డెవలపర్ మీ తరఫున చూసి ఎక్కిస్తారు. జవాబు ఆలస్యం కావచ్చు, కొన్ని వారాల తర్వాత గుర్తుచేస్తే తప్పు లేదు. అదే రంగంలో టీమ్ ఉంటే, ఉదాహరణకు పైథాన్ ప్యాకేజీలకు ఉన్నట్టు, అందులో చేరితే స్పాన్సర్ త్వరగా దొరుకుతారు, భారం కూడా పంచుకోవచ్చు. నేనైతే మొదటి రోజు నుంచే టీమ్‌లో ఉండమంటాను. ప్యాకేజీ నాది ఒక్కడిది అనుకునే పద్ధతి మీద డెబియన్‌లో ఏళ్ళుగా వాదన ఉంది. నేను టీమ్ వైపే.

తర్వాత డెబియన్ మెయింటైనర్ (తన ప్యాకేజీలు తానే అప్‌లోడ్ చేసే హక్కు ఉన్నవారు) కావాలంటే మీ జీపీజీ కీ (డిజిటల్ సంతకానికి వాడే కీ) మీద డెవలపర్ల సంతకాలు కావాలి. దానికి మనుషుల్ని కలవడమే తేలికైన దారి. 2023 సెప్టెంబరులో డెబియన్ వార్షిక సమావేశం డెబ్‌కాన్ఫ్ కొచ్చిలో జరిగినప్పుడు వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాను. మన దేశంలో అప్పుడప్పుడు మినీ డెబ్‌కాన్ఫ్‌లు కూడా జరుగుతుంటాయి. వెళ్ళేటప్పుడు గుర్తింపు కార్డు, కీ ఫింగర్‌ప్రింట్ అచ్చువేసిన చీటీలు దగ్గర పెట్టుకోండి. ఈలోపు మీరు ఎంచుకున్న ప్యాకేజీ పేరు కింద కామెంట్‌లో రాయండి. దాని బగ్‌లు నేను కూడా చదివి, ఏది ముందు పట్టుకోవాలో చెప్తాను.