పగటి నిద్ర రెండు పూటల నుంచి ఒక పూటకు మారేటప్పుడు

పదిహేను నెలల పాప ఉదయం కునుకు మానేసి సాయంత్రానికల్లా ఏడుపు లంకించుకుంటోందని, ఉదయం బలవంతంగానైనా పడుకోబెట్టాలా అని అడిగారు. బలవంతం అక్కర లేదు. చాలామంది పిల్లలు పగటి నిద్రను ఒక పూటకు తగ్గించుకునేది 12 నుంచి 18 నెలల మధ్యనే. మార్చవలసినవి అన్నం వేళ, రాత్రి పడక వేళ.

మా అబ్బాయికి ఈ వయసున్నప్పుడు మేము గుంటూరు బ్రాడీపేటలో ఉండేవాళ్లం. మే నెలలో ఒకనాడు ఉదయం కునుకు తీయని పిల్లవాడు, పన్నెండున్నరకు పప్పన్నం తినిపిస్తుండగా నోట్లో ముద్దతోనే తల వాల్చేశాడు. మా అత్తగారు నోట్లోని మెతుకులు తీసి, మూతి తుడిచి, చీర ఉయ్యాలలో వేశారు. కన్ను మూతపడిందో లేదో, వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు హోరెత్తింది. ఉలిక్కిపడి లేచిన వాడు మళ్లీ పడుకోలేదు. సాయంత్రం ఐదున్నరకు ఏడ్చి ఏడ్చి గచ్చు మీదే నిద్రపోయి, అర్ధరాత్రి దాకా ఇల్లంతా తిరిగాడు. "రేపటి నుంచి పదకొండింటికే అన్నం పెట్టేయ్ అమ్మాయ్, ఆకలీ నిద్రా ఒక్కసారే వస్తే పిల్లాడేం చేస్తాడు" అన్నారు అత్తగారు. ఆ మాటతోనే మా ఇల్లు కుదుటపడింది.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకులు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మధ్యాహ్నానికి అలాంటి నిషేధం లేకపోవడం పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ అన్యాయమే.

మీ పాపకు ఉదయం తొమ్మిదిన్నరకు పడుకునే అలవాటుంటే, ఆ వేళను రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ మధ్యాహ్నం పన్నెండు గంటలకు తీసుకురండి. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు రాత్రీ పగలూ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి కనుక, పగలు తగ్గినది రాత్రి పూడాలి. అందుకే పగలు సరిగా పడుకోని రోజున ఏడున్నరకే పడక వేయండి. నాన్న దుకాణం కట్టేసి వచ్చేదాకా పిల్లను మేలుకొలిపి ఉంచడం మన ఇళ్లలో ప్రేమగా చెలామణీ అవుతోంది కానీ, దానికి మూల్యం చెల్లించేది ఆ పసిప్రాణమే. అలసట మితిమీరిన పిల్లలు తేలికగా నిద్రపోరు, పోయినా మధ్యలో లేస్తారు.

ఏ రోజైనా ఉదయమే కళ్లు నులుముకుంటుంటే అరగంట పడుకోనివ్వండి. మధ్యాహ్నపు నిద్ర మాత్రం మూడున్నర దాటనివ్వకండి.