చెస్‌లో నాకంటే 400 పాయింట్లు ఎక్కువ రేటింగ్ ఉన్నవారితో ఆడాల్సి వస్తే, పావులన్నీ త్వరగా మార్చేసుకుని (అంటే నాది ఇచ్చి, ఎదుటివారిది కొట్టి) డ్రా కోసం చూడటం మంచిదేనా?

మంచిది కాదు. టోర్నమెంట్లలో నాకంటే బలమైనవాళ్లతో చాలానే ఆడాను. ఎదుటివాడు కనిపించిన పావునల్లా మార్చేసుకోవడం వాళ్లకు భలే ఇష్టం. ఏ మార్పిడి తర్వాత ఎవరి బంట్లు దెబ్బతింటాయో, ఎవరి రాజు ముందుగా మధ్యకు వస్తాడో వాళ్లు అప్పటికే లెక్కేసుకుని ఉంటారు. పైకి సమానంగా కనిపించే ఎండ్‌గేమ్‌లోనే (కొద్ది పావులే మిగిలిన చివరి దశలోనే) రేటింగ్ తేడా అసలు బయటపడేది.

పైగా టెన్షన్ పడాల్సింది మీరు కాదు. 400 తేడా ఉంటే, రేటింగ్‌లు వేసే ఎలో లెక్క ప్రకారం మీరు సాధిస్తారని ఆశించేది పది ఆటలకు ఒక పాయింటు (ఒక గెలుపంత) కూడా ఉండదు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్‌లో మీ కె, అంటే ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత మారాలో నిర్ణయించే సంఖ్య, 20 అయితే, ఓడితే పోయేది రెండు రేటింగ్ పాయింట్లలోపే. డ్రా చేస్తే ఎనిమిది, గెలిస్తే పద్దెనిమిది వస్తాయి.

దాదాపు ఇంతే తేడా ఉన్న ఒక ఆటలో నావి నల్లపావులు. అవతలాయన క్వీన్ల మార్పిడికి పదేపదే దారిచ్చాడు. ఆయన రాజు ముందు బంటు ఒకటి కదిలిపోయి ఉంది, నా రాజు భద్రంగా ఉన్నాడు. అందుకే నేను క్వీన్‌ను పక్కకు జరుపుతూ వచ్చాను. ఆయన ప్రతి ఎత్తుకూ చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది, టైమ్ కరిగిపోయింది. అయినా ఒక బంటు గెలుచుకున్నాడు, అది వేరే సంగతి! చివరికి ఆయనకు రాజు కాక రూక్ (ఏనుగు), డి5లో (డి అనే నిలువు వరుసలో ఐదో గడిలో) బంటు మిగిలాయి. నాకు ఒక్క రూక్. నా రాజు డి8లో, బంటుకు ఎదురుగా ఉన్నాడు. రూక్‌ను ఆరో వరుసలోనే అటూ ఇటూ తిప్పాను, ఆయన రాజు ఆ గీత దాటలేకపోయాడు. విసిగి బంటును డి6కు తోయగానే నా రూక్ మొదటి వరుసకు దిగి, వెనకనుంచి చెక్‌లు మొదలుపెట్టింది. ముందుకు జరిగిన బంటు ఇక రాజుకు చాటు ఇవ్వలేదు. డ్రా. 1777లోనే ఫ్రెంచ్ చెస్ ఆటగాడు ఫిలిడోర్ విశ్లేషించిన పద్ధతి ఇది. ఇలాంటివి రెండు మూడు కంఠతా వచ్చి ఉంటే, కొత్త ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస) నేర్చుకోవడం కన్నా ఎంతో మేలు.

ఓపెనింగ్ మాత్రం మీకు అలవాటైనదే ఆడండి. ఆయన్ను ఆశ్చర్యపరుద్దామని తెలియని లైన్‌లోకి వెళ్తే మీ టైమే పోతుంది. మాటిమాటికీ డ్రా అడగకండి, అది నిబంధనలకే విరుద్ధం. ఆయనే అడిగితే వెంటనే చేయి కలపకుండా బోర్డు మరోసారి చూడండి. అంత బలమైన ఆటగాడు డ్రా అడిగాడంటే, తన పొజిషన్‌లో ఏదో నచ్చలేదనే అర్థం.