అక్షరాలొచ్చిన పాప కథల పుస్తకం ముట్టనంటోంది. తాత, పిల్లి ఉన్న సరదా కథలు ఇస్తే చదువుతుందా?

మీ పాపకు ఆరేళ్లన్నారు. గుణింతాలు, వత్తులు వచ్చినా పుస్తకం చేతికిస్తే మూసేస్తోందని, ఓ ముసలాయన, ఆయన పెంచుకునే పిల్లి చుట్టూ నడిచే నవ్వు కథలు ఇస్తే దారిలో పడుతుందా అని, ఇస్తే ఎలాంటివి ఇవ్వాలని అడిగారు.

తప్పకుండా ఇవ్వండి. మా చెల్లెలి కొడుకుని చదువులోకి లాగింది అలాంటి కథలే. కాకపోతే అట్ట మీద తాత, ఒళ్లో పిల్లి ఉన్నంత మాత్రాన సరిపోదు. లోపల నవ్వు ఎక్కడ పెట్టారో చూడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం అదే.

వాడు కూడబలుక్కుని చదివే రోజుల్లో నేనే ఒక నోటుపుస్తకంలో కథ రాసి, బొమ్మలు వేసి ఇచ్చాను. అందులో ఒక పేజీ ఇది:

తాతకు కళ్లజోడు కనబడలేదు.
బల్ల మీద చూశాడు. లేదు.
మంచం కింద చూశాడు. లేదు.
పిల్లిని లెమ్మన్నాడు.
పిల్లి లేవలేదు.

బొమ్మలో కుర్చీ మీద పిల్లి ముడుచుకుని పడుకుని ఉంటుంది. దాని పొట్ట కింద నుంచి కళ్లజోడు కాడ ఒకటి బయటికి వచ్చి ఉంటుంది. ఆ కాడ గురించి పేజీలో ఒక్క మాట కూడా రాయలేదు. వాడు వేలు పెట్టుకుని 'లే... వ... లే... దు' దాకా వచ్చాడు. వేలు అక్కడే ఆగింది. కళ్లు బొమ్మ మీదికి వెళ్లాయి. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక్కసారిగా 'దాని కిందే ఉంది!' అని కేక పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టాడు. ఈసారి వాళ్ల తాతయ్యకు చదివి వినిపించడానికి.

బొమ్మ ఒక్కటే చూస్తే అక్కడ పడుకున్న పిల్లి, ఒక కాడ మాత్రమే ఉన్నాయి. మాటలు ఒక్కటే వింటే తాత కళ్లజోడు వెతుక్కుంటున్నాడు, అంతే. రెండూ కలిస్తేనే నవ్వు. ఆ నవ్వు కావాలంటే చివరి మాట వరకు చదవక తప్పదు. అందుకే ఏదైనా పుస్తకం ఇచ్చే ముందు అరచేత్తో అక్షరాలు మూసి బొమ్మ చూడండి. అప్పుడే నవ్వొచ్చేస్తే, ఆ పుస్తకం పాపకు సరదాగా ఉండొచ్చు గానీ చదివే పని పెట్టదు. తర్వాత బొమ్మ మూసి చదవండి. కథంతా మాటల్లోనే తేలిపోతే, ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకునే పిల్లకు అది బరువు.

ఇక ముసలివాళ్లే ఎందుకు? ఆరేళ్ల పిల్లలను అందరూ తొందరపెడతారు. చెప్పులు తొడుక్కో, త్వరగా తిను, త్వరగా చదువు అంటూనే ఉంటారు. కథలో తాత మాత్రం నింపాదిగా లేస్తాడు, వెతుకుతాడు, దొరక్కపోతే మళ్లీ వెతుకుతాడు. కథ నడక, పిల్ల చదివే నడక ఒకటవుతాయి. పైగా ఇంట్లో 'అది ముట్టుకోవద్దు, అక్కడికి ఒక్కడివే వెళ్లొద్దు' అనిపించుకునేది పిల్లల తర్వాత ముసలివాళ్లే కదా. ఆ సంగతి పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. కొన్ని పుస్తకాలు ముసలితనాన్నే నవ్వులాటగా చేస్తాయి. వినపడకపోవడం, చేతులు వణకడం, కిందపడటం వాటిలో హాస్యం. అలాంటిది ఒకటి ఇస్తే మావాడు సగంలో ఆపి 'తాతని ఎందుకు ఏడిపిస్తున్నారు?' అని అడిగాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. మొండితనం పిల్లిది కావాలి, ఓపిక, ఉపాయం తాతవి కావాలి. పిల్లిని లేపడానికి ఆయన ఎన్ని ఎత్తులు వేస్తే కథ అంత బాగుంటుంది.

పిల్లి కూడా నిజం పిల్లిలా ఉంటేనే నవ్వు పండుతుంది. జపాన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పిల్లులకు యజమాని గొంతు, కొత్తవాళ్ల గొంతులు రికార్డు చేసి వినిపించారు. యజమాని గొంతు అవి గుర్తుపట్టాయి. చెవులు తిప్పాయి, తల తిప్పాయి. తోక ఆడించడం, మ్యావ్ అని పలకడం మాత్రం పెద్దగా చేయలేదు. అంటే వినపడింది, తెలిసింది, అయినా బదులు లేదు! తాత పిలుస్తుంటే చెవి ఒక్కటి ఇటు తిప్పి మళ్లీ కళ్లు మూసుకునే పిల్లిని గీసిన పుస్తకం దొరికితే వదలకండి.

మాటల లెక్క కూడా చూసుకోవాలి. 1957లో అమెరికాలో వచ్చిన 'ది క్యాట్ ఇన్ ది హ్యాట్' అనే పిల్లల పుస్తకం మొత్తం 236 వేర్వేరు మాటలతోనే నడుస్తుంది. తెలుగులో ఇది ఇంకాస్త కష్టం. పిల్లి, పిల్లికి, పిల్లితో, పిల్లిని అని మనకు ఒకే మాటలా అనిపించేది, కొత్తగా చదివే కంటికి ప్రతిసారీ కొంచెం వేరే రూపం. అందుకే 'చూశాడు, లేదు' లాంటివి అదే రూపంలో పదే పదే వచ్చే పుస్తకాలు మంచివి. వాక్యం విరిగే చోటు కూడా గమనించండి. 'మంచం' ఒక వరుస చివర, 'కింద' తర్వాతి వరుస మొదట పడితే పిల్ల తడబడుతుంది. అక్షరాలు పెద్దగా, వత్తులు విడివిడిగా కనబడేలా ఉండాలి.

చదివేటప్పుడు నవ్వు ఎక్కడుందో మీరు ముందే చెప్పకండి, చూపించకండి. పాప దానంతట అది పట్టుకోవాలి. పట్టుకోకపోతే పేజీ తిప్పేయండి, రెండోసారి దొరుకుతుంది. ఒక మాట దగ్గర ఆగితే వెంటనే అందించకుండా కాస్త ఊపిరి తీసుకునేంత సమయం ఇవ్వండి.

అదే పుస్తకం మళ్లీ మళ్లీ కావాలంటే సంతోషించండి. ఒకే భాగాన్ని తిరిగి తిరిగి చదివిస్తే తడబాటు తగ్గి వేగం వస్తుందని శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1979లోనే రాశారు. 'చదవడం లేదు, కంఠతా చెప్పేస్తోంది' అని అనుమానం వస్తే పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి, తేలిపోతుంది.

వినేవాళ్లుగా ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే మరీ మంచిది. మా నాన్నగారు ప్రతిసారీ కళ్లజోడు ఎక్కడుందో తెలియనట్టే మొహం పెట్టి వినేవారు. వాడు పేజీ చివరికి చేరేవరకు పెదవి విప్పేవారు కాదు.

పేజీకి నాలుగైదు చిన్న వాక్యాలున్న వాటితో మొదలుపెట్టండి. తాత పిలిస్తే పిల్లి ఏం చేస్తుందో పాపే ముందుగా చెప్పడం మొదలుపెట్టాక, చిన్న చిన్న అధ్యాయాలున్నవి ఇవ్వొచ్చు. పాపకు పిల్లి కాక ఇంకే జంతువైనా ఇష్టమైతే రాయండి, దాని మీద ఒక పేజీ కథ రాసి ఇక్కడే పెడతాను.