పక్షవాతానికి మెడ ఆపరేషనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 24 ఏళ్ళు. ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ దిమ్మలు మోస్తాడు. బీపీ, షుగర్ లేవు. వేసవిలో కళ్ళు తిరిగి తూలి పడిపోయాడు, మాట ముద్దగా వచ్చింది. చిన్న మెదడుకు రక్తం అందలేదన్నారు. మాత్రలు వేసుకుంటున్నా మళ్ళీ వచ్చింది. ఇప్పుడేమో మెడ పైపూస పుర్రెకు అతుక్కుందని, దాని కింద కీలు జారుతోందని, ఆపరేషన్ చేయాలని అంటున్నారు. మెడ మీద కత్తి పెడితే మంచాన పడతాడని అమ్మ ఒకటే ఏడుపు.
– ఒక అక్క, జాలారిపేట, విశాఖపట్నం

జవాబు: అమ్మా, రిపోర్టులు చూశాను. ఆపరేషన్ చేయించండి.

మెదడు వెనుక భాగానికి రక్తం తీసుకెళ్ళే రెండు నాళాలు మెడ ఎముకల్లోంచే వెళ్తాయి. మామూలుగా 6వ పూస పక్కనున్న రంధ్రంలో దూరి, పూస తర్వాత పూస ఎక్కి, 1వ పూస దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి చేరతాయి. మీ తమ్ముడికి ఆ పైపూస పుట్టుకతోనే పుర్రెకు అతుక్కుంది. కదలిక భారమంతా కింది కీలు మీద పడి అది వదులైంది. తల తిప్పినప్పుడల్లా నాళం తలుపు సందులో పడ్డ వైరులా నలుగుతోంది. లోపలి పొర దెబ్బతిన్నచోట రక్తం గడ్డకట్టి, ఆ ముక్కలు మెదడుకు కొట్టుకుపోతున్నాయి. మాత్ర గడ్డను అడ్డుకుంటుంది గానీ ఆ నలుగుడును ఆపలేదు కదా!

ఇలాంటివాళ్ళలో కొందరికి మెడ పొట్టిగా, జుట్టు కాలర్ దాకా దిగి ఉంటుంది. మేం తల స్కాన్ చూసినంత శ్రద్ధగా ఆ మెడ చూడం. కుర్రాళ్ళకు చిన్న మెదడు స్ట్రోక్ వస్తే మెడ ఎముకలు కూడా చూడాల్సిందేనని నా పట్టుదల.

అమ్మగారి భయం ఉత్తది కాదు. వెన్నుపాము, నాళం రెండూ అక్కడే ఉన్నాయి, రిస్కు ఉంది. కానీ కీలు అలాగే వదిలేస్తే రేపు వెన్నుపామే నలగొచ్చు. స్క్రూలు, రాడ్లు వేసి కీలు బిగించాక తలను పక్కలకు తిప్పగలగడం దాదాపు సగం తగ్గుతుంది. బైక్ మీద వెనక్కి చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సిందే.

ఆపరేషన్ అయ్యేదాకా మెడకు వేసిన పట్టీ (కాలర్) తీయనివ్వకండి. నెత్తిన ఐస్ బంద్. సెలూన్‌లో మెడ పటుక్కుమనిపించుకోవడం అసలే వద్దు (ఈ సరదా ఎవరికీ మంచిది కాదు). మాత్రలు సర్జన్ చెబితేనే ఆపాలి. తూలినా, ఒకటి రెండుగా కనిపించినా, మింగలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొస్తుందో లేదో చూడాలన్నా 4.5 గంటల లోపే ఆస్పత్రికి చేరాలి. డబ్బు గురించి టెన్షన్ పడేముందు కేజీహెచ్‌లో (విశాఖలోని ప్రభుత్వాసుపత్రి) ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కౌంటర్ దగ్గర అడగండి.